పారిశ్రామిక చిట్టెం, బూడిదల పునర్వినియోగం: కమాన్‌పూర్–రామగుండం బొగ్గు ప్రాంతం

లోహం కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం (స్లాగ్), థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో బొగ్గు కాలాక మిగిలే బూడిద, ఉపరితల గనుల్లో బొగ్గు పొర మీద నుంచి తొలగించే మట్టి, రాయి భారీ పరిమాణంలో పోగుపడే పారిశ్రామిక వ్యర్థాలు. వీటిని బొగ్గు తీసేసిన గనుల ఖాళీలు నింపడానికి, సిమెంట్, కాంక్రీట్, ఇటుకలు, రోడ్ల తయారీకి వాడతారు. తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో కమాన్‌పూర్, రామగిరి, గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు, సిమెంట్ ఫ్యాక్టరీ పక్కపక్కనే ఉన్నాయి. ఈ ప్రాంతంలో చిట్టెం కంటే బూడిద, గని మట్టి ప్రధాన వనరులు.

## నిర్వచనం, పరిధి

ముడి ఖనిజంలోని మలినాలు సున్నపురాయి వంటి పదార్థాలతో కలిసి కరిగి, లోహం నుంచి విడిపోయి చల్లారితే ఏర్పడే పదార్థం చిట్టెం. బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెం, ఉక్కు చిట్టెం, రాగి చిట్టెం, ఫెర్రో అల్లాయ్ చిట్టెం ఇందులో ముఖ్యమైనవి. బొగ్గులోని ఖనిజ పదార్థం బాయిలర్‌లో కాలాక మిగిలేది బూడిద. ఇది సాధారణంగా పొడిగానే ఉంటుంది. అయితే చాలా ఎక్కువ వేడిలో బూడిద కూడా కరిగి చిట్టెంగా మారుతుంది.

గనుల పూరణ అంటే బొగ్గు లేదా ఖనిజం తీసిన చోటును మరో పదార్థంతో నింపడం. భూగర్భ గనిలో చేసే పూరణను సింగరేణి కార్మికులు స్టోయింగ్ అంటారు. బొగ్గు తీసేసిన ఖాళీ ప్రదేశాన్ని గోఫ్ అంటారు. ఉపరితల గనిలో తవ్విన గోతిని వెనక నుంచి పూడ్చుకుంటూ రావడం బ్యాక్‌ఫిల్లింగ్. ఉపరితల గనిని ఓసీపీ అనీ, బొగ్గు మీది నుంచి తీసే మట్టిని ఓబీ అనీ వ్యవహరిస్తారు.

## ప్రాంత పరిచయం

గోదావరి, ప్రాణహిత లోయ వెంబడి ఉన్న దిగువ గోండ్వానా శిలల్లో రామగుండం బొగ్గు క్షేత్రం ఉంది. బొగ్గు పొరలు బరాకర్ శిలాశ్రేణిలో ఉంటాయి. వాటి మీదా మధ్యా ప్రధానంగా ఇసుకరాయి, అక్కడక్కడా బంకమట్టి, షేల్ కనిపిస్తాయి. ఇక్కడి ఓబీ నుంచి ఇసుక తయారు చేయడం వీలవడానికి ఈ భూగర్భ నిర్మాణమే కారణం.

గనులను సింగరేణి కాలరీస్ కంపెనీ నడుపుతోంది. ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. గోదావరిఖని చుట్టూ ఉన్న గనులను రామగుండం-1, రామగుండం-2, రామగుండం-3, అడ్రియాల ఏరియాలుగా విభజించారు. రామగుండం-3 ఏరియా కేంద్రమైన సెంటినరీ కాలనీ ఒకప్పుడు కమాన్‌పూర్ మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా ఏర్పడినప్పుడు కమాన్‌పూర్ నుంచి విడదీసిన రామగిరి మండలంలోకి వెళ్లింది. ఓసీపీ-1, ఓసీపీ-2, అడ్రియాల లాంగ్‌వాల్ గని ఈ వైపే ఉన్నాయి.

రామగుండంలోని ఎన్టీపీసీ కేంద్రంలో 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2,600 మెగావాట్ల సామర్థ్యం ఉంది. ఈ ఆవరణలోనే 800 మెగావాట్ల యూనిట్లు రెండింటితో తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం మొదటి దశ వెలిసింది. గోదావరికి అవతల మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సొంత విద్యుత్ కేంద్రం (1,200 మెగావాట్లు) 2016 నుంచి పనిచేస్తోంది. బసంత్‌నగర్‌లో చాలాకాలం కేశోరాం పేరుతో నడిచిన సిమెంట్ ఫ్యాక్టరీ, మంచిర్యాల, దేవాపూర్‌లలోని సిమెంట్ ఫ్యాక్టరీలు బూడిదను వాడుకోగలిగినంత దగ్గర్లో ఉన్నాయి.

## చరిత్ర

### ప్రపంచంలో

నీటితో పదార్థాన్ని గనిలోకి పంపి నింపడం 1864లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం షెనండోవా వద్ద, ఒక చర్చి పునాదుల కింద నేల కుంగకుండా కాపాడటానికి జరిగినట్టు గనుల చరిత్రకారులు నమోదు చేశారు. దాదాపు అదే కాలంలో, 1862లో, కరిగిన చిట్టేన్ని నీటిలో హఠాత్తుగా చల్లార్చితే సున్నంతో కలిసి సిమెంట్‌లా గట్టిపడుతుందని జర్మనీలో ఎమిల్ లాంగెన్ గుర్తించాడు. చిట్టెం సిమెంట్ పరిశ్రమకు ఇది ఆధారమైంది. ఆస్ట్రేలియాలోని మౌంట్ ఐసా గనిలో రాగి కొలిమి చిట్టేన్ని మెత్తగా నూరి, గని పూరణలో సిమెంట్‌కు కొంతమేర బదులుగా వాడారు. చిక్కటి ముద్దగా నింపే పేస్ట్ పద్ధతి జర్మనీలోని బాడ్ గ్రుండ్ గనిలో రూపుదిద్దుకుంది.

### భారతదేశంలో

ఉత్తర తెలంగాణలో చిట్టెం దిబ్బలకు పాత చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వంటి ఊళ్లు ఉక్కు తయారీకి ప్రసిద్ధి చెందినవి. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి జరిపిన క్షేత్ర సర్వే ఈ ప్రాంతంలో వందలాది లోహ తయారీ స్థలాలను నమోదు చేసింది. వాటిని గుర్తించడానికి చిట్టెం కుప్పలే ప్రధాన ఆనవాళ్లు.

బొగ్గు గనుల్లో పూరణ చట్టపరమైన విషయంగా మారింది 1930ల్లో. వరుస ప్రమాదాల తర్వాత బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం వేసిన బొగ్గు గనుల సంఘం 1937లో స్టోయింగ్ అవసరాన్ని నొక్కిచెప్పింది. 1939లో బొగ్గు గనుల భద్రత (స్టోయింగ్) చట్టం వచ్చింది. స్టోయింగ్‌కు ఆర్థిక సాయం చేసే ఏర్పాటు 1952 చట్టంలోనూ, తర్వాత 1974 బొగ్గు గనుల పరిరక్షణ, అభివృద్ధి చట్టంలోనూ కొనసాగింది.

### సింగరేణిలో

1871లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది.

గోదావరిఖనిలో తవ్వకాలు 1960ల్లో ఊపందుకున్నాయి. నది ఒడ్డునే గనులు ఉండటంతో గోదావరి ఇసుక సహజంగానే స్టోయింగ్‌కు ముడిసరుకైంది. ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, యాంత్రీకరణ. 1980ల్లో గోదావరిఖనిలో లాంగ్‌వాల్, 1989లో పదో గని (జీడీకే-10) లో ఫ్రెంచి సాంకేతికతతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి, 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ మొదలయ్యాయి. ఈ పద్ధతుల్లో పైకప్పును కూలనిస్తారు కాబట్టి ఇసుక నింపనక్కర్లేదు. రెండోది, ఉపరితల గనుల విస్తరణ. 2023–24లో సింగరేణి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో అత్యధిక భాగం ఉపరితల గనులదే. దీంతో పూరణ సమస్య గోఫ్‌ల నుంచి భారీ గోతులకు మారింది.

ఇదే కాలంలో బూడిద ఉత్పత్తి పెరిగింది. రామగుండం ఎన్టీపీసీకి 1978లో ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్, 2004లో ఏడో యూనిట్ ప్రారంభమయ్యాయి. అంతకుముందు 1980లో బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం రామగుండంలో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అందులో వాడిన కొప్పర్స్–టోట్జెక్ గ్యాసిఫయర్లలో (బొగ్గును వాయువుగా మార్చే యంత్రాల్లో) వేడికి బొగ్గు బూడిదలో కొంత భాగం కరిగి చిట్టెంగా వెలువడేది. అదే స్థలంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త ఎరువుల కర్మాగారం సహజవాయువుతో నడుస్తుంది కాబట్టి అక్కడ చిట్టెం ఏర్పడదు.

## వ్యర్థాల రకాలు

### బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెం

భారతీయ కొలిముల్లో ఒక టన్ను ద్రవ ఇనుముకు దాదాపు 300–400 కిలోల చిట్టెం వస్తుంది. కాల్షియం, సిలికాన్, అల్యూమినియం, మెగ్నీషియం ఆక్సైడ్లు ఇందులో ప్రధానం. నెమ్మదిగా గాలికి చల్లారితే గట్టి రాయిలా మారి కంకరకు పనికొస్తుంది. నీటితో వేగంగా చల్లార్చితే గాజు స్వభావం గల ఇసుక రేణువులవుతుంది. ఈ రెండో రూపాన్నే నూరి సిమెంట్‌లో కలుపుతారు. తెలుగు ప్రాంతంలో దీని ప్రధాన వనరు విశాఖ ఉక్కు కర్మాగారం. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు.

### ఉక్కు చిట్టెం

ద్రవ ఇనుమును ఉక్కుగా మార్చే దశలో వస్తుంది. ఒక టన్ను ఉక్కుకు దాదాపు 150–200 కిలోలు. గట్టిదనం, బరువు ఎక్కువ. ఇందులో కలవకుండా మిగిలిన సున్నం తడి తగిలితే ఉబ్బుతుంది. అందుకే ఆరుబయట నెలల తరబడి తడిపి, ఉబ్బు తగ్గాకే వాడతారు.

### ఫ్లైయాష్

బాయిలర్ పొగతోపాటు వెళ్లే సన్నని బూడిద. ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లలో దీన్ని పట్టి గోపురాల్లాంటి సైలోల్లో పొడిగా నిల్వ చేస్తారు. మొత్తం బూడిదలో ఇది సుమారు 80 శాతం. రేణువులు ఎక్కువగా గుండ్రంగా ఉంటాయి. సిలికా, అల్యూమినా ఎక్కువ కాబట్టి సున్నంతో కలిస్తే గట్టిపడే గుణం ఉంటుంది.

### బాటమ్ యాష్, చెరువు బూడిద

బాయిలర్ అడుగున పడే ముతక బూడిద బాటమ్ యాష్. నీటిలో కలిపి బూడిద చెరువులోకి పంపితే అది చెరువు బూడిద (పాండ్ యాష్) అవుతుంది. రామగుండం ఎన్టీపీసీ బూడిద చెరువు కుందనపల్లి వైపు ఉంది. చెరువులోకి పైపు తెరుచుకునే చోట ముతక రేణువులు, దూరంగా సన్నవి పేరుకుంటాయి. అందువల్ల ఒకే చెరువులోని బూడిద అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

### ఓబీ

ఉపరితల గనిలో బొగ్గు మీద నుంచి తీసే మట్టి, ఇసుకరాయి. తవ్వగానే వదులై దాని పరిమాణం పెరుగుతుంది. ఇది వ్యర్థాల్లో అన్నిటికంటే పెద్ద రాశి. గని గుట్టలన్నీ దీనివే.

### స్పాంజ్ ఐరన్ వ్యర్థాలు

సింగరేణి బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారు చేసే కర్మాగారం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచలో ఏర్పడింది. 2010లో అది ఎన్‌ఎండీసీలో విలీనమైంది. ఈ ప్రక్రియలో చిట్టేనికి బదులు డోలోచార్ అనే బొగ్గు, డోలమైట్ మిశ్రమం మిగులుతుంది. ఇందులో ఇంకా కాలగల కార్బన్ ఉంటుంది కాబట్టి పూరణకు కాక ఇంధనంగా వాడటం సముచితం.

## గనుల పూరణ పద్ధతులు

### హైడ్రాలిక్ స్టోయింగ్

పదార్థాన్ని నీటితో కలిపి పైపుల్లో పంపి గోఫ్ నింపడం. సింగరేణి భూగర్భ గనుల్లో వాడుకలో ఉన్న పద్ధతి ఇదే (ఇదే వ్యాసంలో 'స్టోయింగ్ పనితీరు' చూడండి).

### న్యూమాటిక్ స్టోయింగ్

గాలి ఒత్తిడితో పొడి పదార్థాన్ని ఊదుతూ నింపడం. నీరు అక్కర్లేదు గానీ దుమ్ము, విద్యుత్ ఖర్చు ఎక్కువ.

### పేస్ట్ పూరణ

సన్నని పదార్థాన్ని తక్కువ నీరు, కొద్దిగా సిమెంట్ లేదా నూరిన చిట్టెంతో చిక్కటి ముద్దగా చేసి నింపడం. లోహ గనుల్లో ఎక్కువ. బొగ్గు గనుల్లో ఖర్చు భారం.

### ఉపరితల గని బ్యాక్‌ఫిల్లింగ్

డంపర్లతో ఓబీని, దానితోపాటు అనుమతించిన చోట బూడిదను గోతిలో పొరలు పొరలుగా పోసి అణచడం. పైన పైమట్టి పరిచి మొక్కలు నాటుతారు.

### గుట్టలతో కలపడం

బయటి ఓబీ దిబ్బల్లో మట్టితో బూడిద కలిపి పోయడం. వాలు, డ్రైనేజీ సరిగా లేకపోతే వర్షానికి కొట్టుకుపోతుంది.

## స్టోయింగ్ పనితీరు

ఇక్కడి భూగర్భ గనుల్లో మొదట బొగ్గు పొరలో గ్యాలరీలు తవ్వి, మధ్యలో బొగ్గు పిల్లర్లు వదులుతారు. తర్వాతి దశలో ఆ పిల్లర్లను కూడా తీయడాన్ని డీ-పిల్లరింగ్ అంటారు. పైన ఊరు, రోడ్డు, రైలు మార్గం, చెరువు, నది ఉంటే పైకప్పును కూలనివ్వలేరు. అక్కడ తీసిన చోటును నింపడం తప్పనిసరి.

పైన బంకర్‌లో నిల్వ ఉంచిన ఇసుక మీద నీటిని ఒత్తిడితో చిమ్ముతారు. ఇసుక, నీరు కలిసిన మిశ్రమం బోరు ద్వారా గనిలోకి దిగి, పైపుల్లో గోఫ్ దాకా ప్రవహిస్తుంది. మోటారు అవసరం లేకుండా భూమ్యాకర్షణ మీదే నడుస్తుంది. నిలువు లోతుకూ అడ్డంగా వెళ్లాల్సిన దూరానికీ మధ్య నిష్పత్తి చాలకపోతే పైపు జామవుతుంది. గోఫ్ ద్వారాన్ని కర్ర, తడికలు, గుడ్డతో కట్టిన బారికేడ్‌తో మూస్తారు. ఇసుక లోపల ఆగుతుంది, నీరు వడకట్టుకుపోయి సంప్‌లోకి చేరుతుంది. ఆ నీటిని పంపులతో పైకి తోడి మళ్లీ వాడతారు.

ఇక్కడి బొగ్గు క్షేత్రంలో మూడో నంబరు పొరలాంటి మందమైన పొరల్లో బొగ్గును ఒకేసారి తీయలేరు. కింది అంతస్తు తీసి ఇసుకతో నింపి, ఆ ఇసుక మీద నిలబడి పై అంతస్తు తీస్తారు. ఇలాంటి చోట పూరణ పదార్థం గట్టిదనం కార్మికుల భద్రతతో నేరుగా ముడిపడి ఉంటుంది.

### పూరణ పదార్థానికి అర్హతలు

- నీరు త్వరగా వడిసిపోవాలి. కొద్ది శాతం సన్నని రేణువులున్నా వడకట్టు మందగిస్తుంది.
- బరువు పడినప్పుడు ఎక్కువగా అణిగిపోకూడదు. లేకపోతే నేల కుంగుతుంది.
- కాలగల కార్బన్ ఉండకూడదు. ఉంటే గోఫ్‌లో వేడి రాజుకుంటుంది.
- పైపులను మితిమీరి అరగదీయకూడదు.
- విష లోహాలు నీటిలోకి విడుదల కాకూడదు.
- గనికి దగ్గర్లో, నిరంతరంగా దొరకాలి.

నది ఇసుక వీటిలో చాలావాటిని తీరుస్తుంది. బాటమ్ యాష్ దానికి సన్నిహిత ప్రత్యామ్నాయం. ఫ్లైయాష్ ఒక్కటే వాడితే నీరు వడిసిపోదు, బారికేడ్ మీద ద్రవ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఇసుకతో కలిపో, కొంత సిమెంట్‌తో గట్టిపరచో వాడతారు. ఓబీని పగలగొట్టి, జల్లించి, కడిగి బంకమట్టి తీసేస్తే స్టోయింగ్ ఇసుక తయారవుతుంది. నది ఇసుకకు బదులుగా ఇలాంటి శుద్ధి చేసిన ఓబీ ఇసుకను సింగరేణి వాడకంలోకి తెచ్చింది. బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెం రేణువులు కూడా సాంకేతికంగా సరిపోతాయి. విశాఖపట్నం నుంచి రామగుండానికి రైలులో 600 కి.మీ.కు పైగా దూరం ఉండటం, సిమెంట్ కంపెనీలు దాన్ని కొనుక్కోవడం వల్ల ఈ ప్రాంతంలో గని పూరణకు అది లాభసాటి కాదు.

### పరిమాణాల లెక్క

ఒక టన్ను బొగ్గు తీస్తే దాదాపు 0.7 ఘనపు మీటరు ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని నింపడానికి సుమారు ఒక టన్ను ఇసుక కావాలి. ఇక్కడి బొగ్గులో 30–40 శాతం బూడిద ఉంటుంది. అంటే ఒక టన్ను బొగ్గు కాలితే 0.3–0.4 టన్ను బూడిద మిగులుతుంది. అణచిన తర్వాత అది ఖాళీలో సగం కంటే తక్కువ భాగాన్నే నింపుతుంది. అందులో కొంత సిమెంట్‌కూ ఇటుకలకూ పోతే పూరణకు మిగిలేది ఇంకా తక్కువ. అందుచేత బూడిద ఒక్కదానితోనే గనులను నింపడం సాధ్యం కాదు. ఓబీ లేదా ఇసుకకు అది అనుబంధమే.

## నిర్మాణ సామగ్రిగా వినియోగం

### సిమెంట్

ఐఎస్ 1489 ప్రకారం పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంట్‌లో 15–35 శాతం ఫ్లైయాష్ కలపవచ్చు. ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంట్‌లో నూరిన చిట్టెం 25–70 శాతం ఉంటుంది. రెండూ క్లింకర్ (నూరి సిమెంట్‌గా చేసే పదార్థం) అవసరాన్ని తగ్గిస్తాయి. క్లింకర్ తయారీలో సున్నపురాయి కాలి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఉద్గారాలు ఆ మేరకు తగ్గుతాయి. ఈ సిమెంట్లు తొలి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటాయి. తర్వాత మామూలు సిమెంట్‌కు దీటుగా నిలుస్తాయి. క్యూరింగ్ (తడుపుతూ ఉంచడం) తగ్గిస్తే నష్టం.

### కాంక్రీట్ కంకర, ఇసుక

ఐఎస్ 383 ప్రమాణం 2016 సవరణ చిట్టేన్ని కంకరగా, ఇసుకగా అనుమతించింది. ఇనుప చిట్టేన్ని మామూలు కాంక్రీట్‌లో 50 శాతం, ఇనుప చువ్వల కాంక్రీట్‌లో 25 శాతం, తక్కువ బలం గల కాంక్రీట్‌లో 100 శాతం వరకు వాడవచ్చు. ఉక్కు చిట్టేన్ని మామూలు కాంక్రీట్‌లో 25 శాతానికి పరిమితం చేసి, చువ్వల కాంక్రీట్‌లో అనుమతించలేదు. ఫ్లైయాష్‌తో జియోపాలిమర్ కంకర తయారు చేసినట్టు ఎన్టీపీసీ 2021లో ప్రకటించింది.

### బూడిద ఇటుకలు

బూడిద, సున్నం లేదా సిమెంట్, జిప్సం, రాతిపొడి లేదా ఇసుక కలిపి యంత్రంలో నొక్కి, తడుపుతూ ఆరబెడతారు. బట్టీలో కాల్చనక్కర్లేదు. విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్ దంపతులు రూపొందించిన ఫాల్-జి పద్ధతి (ఫ్లైయాష్, లైమ్, జిప్సం) దేశమంతటా చిన్న పరిశ్రమల్లో వ్యాపించింది. పెద్దపల్లి ప్రాంతం మట్టి ఇటుక బట్టీలకు కేంద్రం. ఒడిశా నుంచి వలస వచ్చే కూలీలు ఇక్కడ పనిచేస్తారు. బూడిద ఇటుకలు సారవంతమైన మట్టినీ ఇంధనాన్నీ ఆదా చేస్తాయి. కూలీల సంఖ్య తగ్గడం, నాణ్యత యూనిట్‌కు యూనిట్‌కు మారడం వీటి మరో పార్శ్వం.

### రోడ్లు, కట్టలు

బూడిదను రోడ్డు కట్టల్లో వాడే మార్గదర్శకాలు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 58 లో ఉన్నాయి. బూడిదను మధ్యలో నింపి, పక్కలా పైనా మట్టి కవచం పోస్తారు. ఇనుము, ఉక్కు, రాగి చిట్టేలను గ్రామీణ రోడ్లకు వాడే మార్గదర్శకాలు ఎస్‌పీ 121 (2018) లో ఉన్నాయి. 2022లో గుజరాత్‌లోని సూరత్ సమీపంలో హజీరా వద్ద కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సాయంతో కిలోమీటరు పొడవున ఉక్కు చిట్టెంతో ఆరు వరుసల రోడ్డు వేశారు.

## చట్టాలు, నియంత్రణ

ఫ్లైయాష్ వినియోగంపై కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరు 14న తొలి నోటిఫికేషన్ ఇచ్చింది. 2003, 2009, 2016లో సవరించింది. 2009 సవరణ ప్రకారం విద్యుత్ కేంద్రానికి 50 కి.మీ. లోపలి గనుల్లో స్టోయింగ్ చేస్తే మొత్తం పదార్థంలో బరువు లెక్కన కనీసం 25 శాతం ఫ్లైయాష్ ఉండాల్సి వచ్చేది. కమాన్‌పూర్, గోదావరిఖని గనులు ఈ పరిధిలోకి వచ్చేవే. పొడి బూడిదలో కనీసం 20 శాతాన్ని ఇటుకల చిన్న యూనిట్లకు ఉచితంగా ఇవ్వాలనీ ఆ సవరణ పేర్కొంది. 2016 సవరణ వినియోగ పరిధిని 300 కి.మీ.కు పెంచింది.

2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ వీటి స్థానంలో వచ్చింది. బూడిదను నూరు శాతం వినియోగించాలని, లెక్కను మూడేళ్ల చక్రంలో చూడాలని, వాడకుండా మిగిలిన ప్రతి టన్నుకు 1,000 రూపాయల పర్యావరణ పరిహారం చెల్లించాలని అది నిర్దేశించింది. గని భద్రతకు సంబంధించి గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) అనుమతి, 2017 బొగ్గు గనుల నిబంధనలు వర్తిస్తాయి. వదిలేసిన గనులు, లోతట్టు ప్రాంతాల పూరణకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 1996–97లో దేశంలో 6.9 కోట్ల టన్నుల బూడిదలో దాదాపు 10 శాతమే వినియోగమైంది. 2021–22లో 27 కోట్ల టన్నుల్లో దాదాపు 96 శాతం వినియోగమైంది.

## పర్యావరణం, ఆరోగ్యం, భద్రత

బూడిదలో ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్, పాదరసం వంటివి స్వల్ప పరిమాణంలో ఉంటాయి. భూగర్భ జలమట్టం కింద నింపినప్పుడు ఇవి నీటిలో కలిసే అవకాశం ఉంది. అందువల్ల నింపే ముందు లీచింగ్ (నీటిలోకి కరిగి వెలువడటం) పరీక్ష చేయాలి. చుట్టూ పరిశీలక బావులు తవ్వి నీటిని పరీక్షించాలి. గోదావరి, దాని వాగులకు దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో ఈ జాగ్రత్త ప్రాధాన్యం ఎక్కువ.

పొడి బూడిద గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు. ఎండాకాలంలో బూడిద చెరువుల మీద నీరు చల్లడం, తడి బూడిదను తరలించడం, లారీలకు టార్పాలిన్ కప్పడం తప్పనిసరి. నిర్వహణ లోపిస్తే చెరువు కట్ట తెగే ప్రమాదం ఉంటుంది. మధ్యప్రదేశ్ సింగ్రౌలీ జిల్లాలో 2020లో అలాంటి ఘటన జరిగి ప్రాణనష్టం సంభవించింది.

గని లోపల బారికేడ్ తెగితే ఇసుక, నీరు గ్యాలరీల్లోకి దూసుకొస్తాయి. సరిగా నింపకపోతే గోఫ్‌లో మిగిలిన బొగ్గు గాలితో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది. పూర్తిగా నింపిన గోఫ్‌లో గాలి ఆడదు కాబట్టి మంటల ముప్పు తగ్గుతుంది. కొన్ని గనుల్లో మంటలను మూసేయడానికి కూడా బూడిద, నీటి మిశ్రమం వాడతారు.

## ఆర్థికాంశాలు, పరిమితులు

నది ఇసుక ఒకప్పుడు అన్నిటికంటే చౌక. పర్యావరణ అనుమతులు, నిర్మాణ రంగంలో గిరాకీ, గోదావరి మీద ఆనకట్టలు కట్టిన చోట నీరు నిలవడం వల్ల అది క్రమంగా అరుదైంది. ఓబీ ఇసుక గని గట్టునే దొరుకుతుంది గానీ పగలగొట్టి కడిగే యంత్రాలు, నీరు, మిగిలే బంకమట్టికి చోటు కావాలి. బూడిద ఉచితంగా దొరికినా రవాణా ఖర్చే అసలు ధరగా మారుతుంది. సిమెంట్ కంపెనీలు, రోడ్డు గుత్తేదార్లు పొడి ఫ్లైయాష్‌కు పోటీపడతారు. గని పూరణకు పనికొచ్చే ముతక చెరువు బూడిదకు అంత గిరాకీ ఉండదు.

మూతబడిన ఉపరితల గని గోతుల భవిష్యత్తుపై భిన్న ప్రతిపాదనలు ఉన్నాయి. వాటిని మట్టి, బూడిదలతో పూడ్చి భూమిని తిరిగి వాడుకలోకి తేవడం ఒకటి. నీటితో నింపి చెరువులుగా, చేపల పెంపకానికి ఉంచడం రెండోది. పంప్డ్ స్టోరేజీ (నీటిని ఎత్తుకు తోడి, తర్వాత కిందికి వదిలి చేసే) విద్యుత్‌కు వాడటం మూడోది. రామగుండం-1 ఏరియాలోని మేడిపల్లి గనికి సింగరేణి ఈ మూడో మార్గాన్ని ప్రతిపాదించింది. పాత భూగర్భ గనుల మీదే ఉపరితల గనులు తెరుస్తున్న చోట గతంలో నింపిన ఇసుకను మళ్లీ తవ్వాల్సి వస్తోంది. అందువల్ల పూరణను శాశ్వత పరిష్కారంగా కాక గని జీవితకాల ప్రణాళికలో ఒక దశగా చూడాలి.

## ప్రాముఖ్యం

కమాన్‌పూర్–రామగుండం ప్రాంతంలో గని, విద్యుత్ కేంద్రం, సిమెంట్ ఫ్యాక్టరీ కొద్ది కిలోమీటర్ల లోపలే ఉండటంతో వ్యర్థాన్ని వాడుకునే అవకాశం ఇతర బొగ్గు క్షేత్రాల కంటే మెరుగ్గా ఉంది. పొడి ఫ్లైయాష్‌ను సిమెంట్, ఇటుకలకు, ముతక బూడిదను స్టోయింగ్, రోడ్డు కట్టలకు, ఓబీని ఇసుకగానూ గోతుల పూరణకూ, దూరం నుంచి వచ్చే చిట్టేన్ని సిమెంట్‌కు వాడటం ఇక్కడి పరిస్థితులకు సరిపోయే విభజన. నీటి పరీక్షలు, దుమ్ము నియంత్రణ, డీజీఎంఎస్ అనుమతి అనే మూడు షరతులు తీరినప్పుడే ఈ పునర్వినియోగం సురక్షితం అవుతుంది.